విండోస్ పక్కన లినక్స్ ఎక్కించే ముందు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఉన్న కంప్యూటర్లోనే లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పెట్టుకుందామనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

– ఫొటోలు, డాక్యుమెంట్లు వేరే డిస్కులోకి కాపీ చేయండి. అదే డిస్కులోని డీ డ్రైవ్‌లో పెడితే లాభం లేదు. ఇన్‌స్టాలర్‌లో పొరపాటున "ఎరేజ్ డిస్క్" ఎంచుకుంటే సీ, డీ అన్నీ కలిసే పోతాయి. కాపీ చేసినవి నాలుగైదు తెరిచి చూశాకే ముందుకెళ్లండి.

– బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఉంటుంది. 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగులు మారాక విండోస్ దాన్ని అడగొచ్చు, అప్పుడు కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

– లినక్స్‌కి కావాల్సిన ఖాళీ జాగాను విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తీయండి. తన పార్టిషన్ (డిస్కులో తనకున్న భాగం) సంగతి దానికే బాగా తెలుసు.

– ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా మూతపడదు. ఆ స్థితిలో లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్లు పాడవొచ్చు.

– విండోస్ యూఈఎఫ్‌ఐ మోడ్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే కొత్త పద్ధతి) ఉంటే లినక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ కూడా అందులోనే బూట్ చేయండి.

– తర్వాత విండోస్‌లో టైమ్ తేడాగా కనిపిస్తే కంగారుపడకండి. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది, విండోస్ మాత్రం దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది, ఒక సెట్టింగ్‌తో సరిపోతుంది.