తుపానుల నెలలకు ముందే బయటి ప్యాకేజీలను సరిచూసుకోండి

వాయుగుండం బలపడుతోందన్న కబురు రాగానే విశాఖలో ఇంటింటా కొవ్వొత్తులు, మంచినీళ్లు సిద్ధమవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డాక రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేక పడిన అవస్థ ఎవరూ మరచిపోలేదు. రుషికొండ, మధురవాడల్లో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవారు అక్టోబరు రాకముందే తమ ప్రోగ్రాముల్లో వాడుతున్న బయటివారి ప్యాకేజీలను, అంటే ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడును కూడా సరిచూసుకోవాలి. నెట్ పోతే అవి దొరకవు. నెట్ వచ్చాక హడావుడిలో ఏది పడితే అది దించుకుంటాం. నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ రెండోదే.

తొందరలో మోసపోయేది ముందు పేరు దగ్గరే. జావాస్క్రిప్ట్ భాషలో ప్రోగ్రాములు రాసేవారికి 'క్రాస్-ఎన్వ్' అనే ప్యాకేజీ తెలుసు. మధ్యలో ఉన్న చిన్న గీతను తీసేసి, 2017లో ఎవరో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి అయిన ఎన్‌పీఎంలో మరో ప్యాకేజీ పెట్టారు. అది అసలుదానిలాగే పనిచేస్తూనే, పాస్‌వర్డులు దాచుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను బయటికి చేరవేసింది. కాబట్టి పేరును గుర్తున్నట్టు టైపు చేయకండి, అసలు ప్రాజెక్టు పేజీ నుంచే తీసుకోండి. ఏఐ సూచించిన పేరైతే ఇంకా జాగ్రత్త. లేని ప్యాకేజీ పేరును కూడా అది ధీమాగా చెబుతుంది. ఆ పేరు మీద ఎవరైనా ముందే ఉచ్చు పన్ని ఉండవచ్చు.

పాతదీ పేరున్నదీ కదా అని ఊరుకోవడానికీ లేదు. 2024 మార్చిలో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. పెట్టింది రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించిన సహనిర్వాహకుడు. లాగిన్ కావడానికి అరసెకను ఎక్కువ పడుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి దొరికింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ ప్యాకేజీ నిర్వహణ భారాన్ని దాదాపు ఒక్కరే మోశారన్నది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. మీరు వాడే ప్యాకేజీ వెనుక ఎంతమంది ఉన్నారు, లోపం చెబితే బదులు వస్తోందా అన్నది చూడండి. వెర్షన్లను, ఏది వాడాలో నమోదు చేసే లాక్ ఫైలులో బిగించండి. భద్రతా సవరణ కాకపోతే కొత్త వెర్షన్‌ను కొన్నాళ్లు ఆగి తీసుకోండి.

ఇక సహాయం సంగతి. ఉచిత ప్యాకేజీల్లో ఎక్కువగా కనిపించే ఎంఐటీ లైసెన్సు (వాడుక షరతుల పత్రం) ఏ హామీ ఇవ్వదు. అర్ధరాత్రి సర్వరు ఆగిపోతే మీ జట్టులో ఆ కోడు విప్పి చూడగలిగేది ఎవరో ముందే తేల్చుకోండి. డబ్బు చెల్లించి కొన్నదైతే ఎన్ని గంటల్లో పలుకుతారో, ఆదివారం ఉంటారో లేదో ఒప్పందంలో చదవండి. ఆ ఫోన్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి.

కావలసిన ప్యాకేజీలన్నీ ఆఫీసు సర్వరులో ఒకచోట, విశాఖకు దూరంగా మరోచోట దాచండి. తర్వాత ఒక మధ్యాహ్నం నెట్ తీసేసి, కొత్త కంప్యూటర్‌లో ఆ ప్రతుల నుంచే బిల్డ్ నడపండి, అంటే ప్రోగ్రామును మొదటినుంచి కూర్చి చూడండి. ఎక్కడ ఆగిందో చూసి, లేని ప్యాకేజీని ఆరోజే తెచ్చి పెట్టండి.