మధ్యాహ్నం సీరియల్ చేజారకముందే

మధ్యాహ్నం సీరియళ్లకు ప్రేక్షకులు తగ్గితే చానళ్లు వేళ మారుస్తాయి, లేదా ఆపేస్తాయి. అమెరికాలో 1965 నుంచి ఎన్‌బీసీ చానల్‌లో సాగిన ‘డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ సీరియల్ 2022లో పీకాక్ యాప్‌కు వెళ్లిపోయింది. అందుకే హనుమకొండలో మా అత్తమ్మకు ఫోనులో చూడడం ముందే నేర్పాను. మీ పెద్దవాళ్లకూ నేర్పండి.

టైపు చేయమనకండి. కీబోర్డు మైకు నొక్కి సీరియల్ పేరు చెప్పించండి. ఎంత ఆలస్యమైనా ఫోను లాక్కోవద్దు. ప్రతి బటనూ వాళ్ల వేలితోనే నొక్కించండి, అప్పుడే ధైర్యం వస్తుంది. డబ్బు అడిగే తెర కనిపిస్తే ఆగి పిలవమనండి. డేటా చాలకపోతే వీడియో నాణ్యత తగ్గించండి.

టీవీ ప్రేక్షకులను లెక్కించే బార్క్ సంస్థ ఇచ్చే రేటింగు, ఏం చూశారో నమోదు చేసే మీటర్లున్న కొన్ని ఇళ్ల నుంచే వస్తుంది. మీటరు లేని మన ఇష్టం చానల్‌కు చేరాలంటే ఉత్తరం రాయాలి. అత్తమ్మ చెబుతుంటే నేను రాశాను. సీరియల్ పేరు, ప్రసార వేళ తప్పక రాయండి.