విచారణ సిబ్బందితో న్యాయంగా నడుచుకోవడం ఎలా?

విచారణ అంటే ఒక కథోలిక చర్చి, దాని కింద ఉండే క్రైస్తవ సమాజం. పొద్దున పూజకు అందరికంటే ముందు వచ్చి గుడి తలుపులు తీసేది అక్కడ పనిచేసే మనిషే. పీఠం సర్దాలి, మైకు సరిచూడాలి, గంట కొట్టాలి. మధ్యలో ఒక పెళ్లి, ఒక్కోసారి చెప్పాపెట్టకుండా వచ్చే అంత్యక్రియలు. సాయంత్రం పూజ అయ్యాక దీపాలు ఆర్పి తాళం వేసేదీ ఆయనే. జీతాల పుస్తకంలో మాత్రం ఆయన పేరు పక్కన 'పార్ట్ టైమ్' అని ఉంటుంది. ఇదేమిటని అడిగితే "దేవుని సేవ కదా" అంటారు. విచారణల్లో పనివాళ్లకు జరిగే అన్యాయం చాలావరకు ఈ మాట చాటునే జరుగుతుందని నేను నమ్ముతాను. సేవ అనేది ఎవరికి వారు ఇష్టంగా ఇచ్చేది. ఇంకొకరి చేత బలవంతంగా ఇప్పించేది కాదు.

విచారణ గురువుకైనా (ఫాదర్ గారికైనా), విచారణ డబ్బు వ్యవహారాలు చూసే ఆర్థిక మండలి సభ్యులకైనా ఈ పనులు ఉపయోగపడతాయి.

1. ఎవరు ఏం చేస్తున్నారో ముందు రాయండి

ఉపదేశి (మతబోధ చేసేవారు), ఆఫీసు చూసేవారు, వంటమనిషి, ఊడ్చేవారు, వాచ్‌మన్, కీబోర్డు వాయించేవారు... ఒక్కరినీ వదలొద్దు. రెండు వారాల పాటు ఎవరి గంటలు వారినే రాయమనండి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు అంటే తక్కువగానే అనిపిస్తుంది. కానీ మధ్యలో "ఒకసారి వచ్చి వెళ్లు" అన్న ఫోన్లు కూడా కలిపితే, చాలాసార్లు అది రోజంతా పనేనని తేలుతుంది. ఆ మనిషి ఇంకో పని చేసుకునే వీలు కూడా లేకుండా పోతుంది.

2. మాట కాదు, కాగితం ఇవ్వండి

పని ఏమిటి, ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏ తేదీన ఇస్తారు, సెలవులు ఎన్ని, ఎవరికి జవాబు చెప్పాలి, మాన్పించాలన్నా మానేయాలన్నా ఎన్నాళ్ల ముందు చెప్పాలి: ఇవన్నీ ఒక పేజీలో సరిపోతాయి. చదవడం రాని వారైతే కూర్చోబెట్టి చదివి వినిపించి, ఒక ప్రతి వారి చేతిలో పెట్టండి.

ఈ కాగితం విచారణ పేరు మీద ఉండాలి, ఫాదర్ గారి పేరు మీద కాదు. శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం ప్రకారం విచారణకు తనదైన చట్టబద్ధ ఉనికి ఉంది. గురువు దాని తరఫున సంతకం చేస్తారు, అంతే. ఫాదర్ గారికి బదిలీ అయినప్పుడల్లా సిబ్బందిలో "మన ఉద్యోగం ఉంటుందా" అనే టెన్షన్ మొదలవడానికి కారణం ఈ తేడా ఎవరూ పట్టించుకోకపోవడమే.

3. జీతం లెక్క సరిచేయండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం ఎంతో ముందు తెలుసుకోండి. అంతకు తగ్గడానికి వీల్లేదు. కానీ అక్కడితో ఆగిపోకూడదు. దేశంలోని కార్మిక చట్టాలను పాటించాలని, పనివారు తమ అవసరాలూ తమ మీద ఆధారపడినవారి అవసరాలూ తీర్చుకోగలిగేంత జీతం ఇవ్వాలని శ్రీసభ చట్టం 1286వ నిబంధన ఆస్తుల నిర్వాహకులను ఆదేశిస్తోంది.

"ఆయన ఒప్పుకునే చేరాడు కదా" అని ఎవరో ఒకరు అంటారు. 1891లో పదమూడవ లియో పాపుగారు (పోప్) 'రేరుం నొవారుం' అనే విశ్వలేఖలో, అంటే శ్రీసభ అంతటికీ రాసిన లేఖలో, దీనికి ఎప్పుడో జవాబిచ్చారు. గతిలేక ఒప్పుకున్న తక్కువ జీతం ఒప్పందం అనిపించుకోదు, అది అన్యాయమే అన్నారు. శ్రీసభ బోధనల గ్రంథమైన సత్యోపదేశం 2434వ పేరా కూడా, ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన ఆ జీతం న్యాయమైపోదని చెబుతోంది.

క్రిస్మస్‌కు చేతిలో పెట్టే కవరు జీతం కాదు. పన్నెండు నెలలూ తక్కువ ఇచ్చి, పండుగనాడు దయతో ఇచ్చినట్టు ఇస్తే, రావాల్సిన డబ్బుకు ఆ మనిషి కృతజ్ఞత చెప్పాల్సి వస్తుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. రావాల్సింది నెలనెలా ఇచ్చేయండి, కానుక ఆ పైన ఇవ్వండి.

బడ్జెట్‌లో జీతాలు మొదటి వరుసలో రాయండి. గోపురానికి రంగు ఆ తర్వాత. నిజంగానే డబ్బు చాలకపోతే పని గంటలు తగ్గించండి, లేదా పక్క విచారణతో కలిసి ఒకరిని పెట్టుకోండి. పూర్తి పని చేయించుకుని సగం జీతం ఇవ్వడం మాత్రం దారి కాదు. తేదీ కూడా తప్పకూడదు. కూలివాడి కూలి పొద్దుగూకేలోపు ఇవ్వమని బైబిల్లోని ద్వితీయోపదేశకాండం అంటోంది, అతడు దాని మీదే ఆశ పెట్టుకున్నాడు కాబట్టి.

4. ఆదివారం పనిచేసేవారికి ఇంకో రోజు విశ్రాంతి

మనందరికీ ఆదివారం విశ్రాంతి దినం, గుడిలో పనిచేసేవారికి అదే అన్నిటికంటే బరువైన రోజు. వారంలో ఇంకొక రోజు పూర్తిగా వదిలేయండి, ఆ రోజు ఫోన్ చేయొద్దు.

5. వారి పని గురించి వారినే అడగండి

కిందివారు చేయగలిగిన పనిని పైవారు లాక్కోకూడదన్నది 1931 నాటి 'క్వాద్రాజెసిమో ఆన్నో' విశ్వలేఖలోని సూత్రం. పిల్లల తరగతుల వేళలు మార్చాలంటే ముందు ఉపదేశితో మాట్లాడండి. ఆ మార్పు ఆయనకు నోటీసు బోర్డు మీద కనపడకూడదు.

6. ఫిర్యాదుకు ఇంకో తలుపు ఉంచండి

కష్టం ఫాదర్ గారి వల్లే వస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఆర్థిక మండలి నుంచి ఒకరిని, మేత్రాసనం (బిషప్ గారి పరిధి) నుంచి ఒకరిని ముందే నిర్ణయించి, ఆ పేర్లు అందరికీ చెప్పండి. వేధింపుల విషయమైతే దేశ చట్టం చూపిన దారిని ఎవరూ అడ్డుకోకూడదు.

7. మాన్పించాల్సి వస్తే

పొరపాటు ఏమిటో ముందే రాసి చూపించండి. దిద్దుకోవడానికి సమయం ఇవ్వండి. వారి మాట వినండి. అయినా తప్పకపోతే ఎదురెదురుగా కూర్చుని చెప్పి, బాకీలన్నీ అదే రోజు తీర్చండి. "రేపటి నుంచి రావొద్దు" అని ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. ఆ మనిషి వచ్చే ఆదివారం అదే గుడికి పూజకు రావాలి, తన కుటుంబంతో సహా.

8. బదిలీకి ముందే ఫైలు సిద్ధం చేయండి

ఒప్పంద పత్రాలు, జీతాల రసీదులు, మిగిలిన సెలవులు, ఎవరికైనా ఇచ్చిన మాటలు అన్నీ ఒకే ఫైలులో పెట్టండి. కొత్త గురువు వచ్చిన మొదటి వారంలోనే ఆర్థిక మండలి ఆ ఫైలు ఆయన ముందుంచాలి. ఆ తర్వాత సిబ్బందిని ఒక్కొక్కరినీ పేరుతో, వారు చేసే పనితో ఆయనకు పరిచయం చేయాలి. ఊడ్చే ఆమెతో మొదలుపెట్టండి.