డిమెన్షియా సంరక్షణపై ఆన్‌లైన్ పాఠాలు చేసేలా టీచర్లకు శిక్షణ ఇవ్వడం ఎలా?

మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే పరిస్థితి, ఉందని లాసి-డాడ్ అనే పెద్ద అధ్యయనం ఆధారంగా 2023లో అంచనా వేశారు. వీళ్లలో ఎక్కువమందిని చూసుకునేది ఇంట్లోవాళ్లే. భార్యో, కూతురో, కోడలో, లేదంటే ఏజెన్సీ నుంచి వచ్చిన అటెండరో. ఎలా చూసుకోవాలో వీళ్లకి కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఉండరు. చెప్పగలిగినవాళ్లు మనదగ్గర లేక కాదు. నర్సింగ్ కాలేజీ ట్యూటర్లు, సోషల్ వర్కర్లు, వృద్ధాశ్రమాల సూపర్‌వైజర్లు, ఫిజియోథెరపిస్టులు, వీళ్లందరికీ విషయం తెలుసు. కానీ క్లాసులో చెప్పడం వేరు, ఫోన్‌లో చూసే పాఠం తయారుచేయడం వేరు. గంటన్నర పీపీటీకి గొంతు జోడించి యూట్యూబ్‌లో పెడితే, పొద్దున లేచిన దగ్గర్నుంచి అత్తగారి వెనకే తిరిగే కోడలు అది ఎప్పుడు చూస్తుంది?

అందుకే ఈ టీచర్లకి శిక్షణ ఇచ్చే పని మీ మీద పడితే ఏ వరసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను. రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్లు పంచేస్తే పాఠాలు తయారవవు. వారానికి ఒక పూట చొప్పున ఆరు వారాలు పెట్టుకోండి. మధ్యలో వాళ్లు ఇంటిదగ్గర రాయాలి, రికార్డు చేయాలి, తిరిగి తెచ్చి చూపించాలి.

1. గదిలో ఎవరుండాలో ముందు చూసుకోండి

పది పన్నెండు మంది టీచర్లు చాలు. వాళ్లతోపాటు ఇంట్లో డిమెన్షియా ఉన్న మనిషిని చూసుకుంటున్నవాళ్లు కనీసం ఇద్దరు మొదటి రోజు నుంచీ ఉండాలి. వాళ్లని అతిథులుగా పిలిచి ఐదు నిమిషాలు మాట్లాడించి పంపేయకండి, మీతో సమానంగా శిక్షకులుగా కూర్చోబెట్టండి. వాళ్లకి గౌరవ వేతనం ఇవ్వండి. వాళ్లు బయటికి రావాలంటే ఆ పూట ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా, ఆ అటెండరు ఖర్చు కూడా మీ బడ్జెట్‌లోనే రాసుకోండి. అది రాసుకోకపోతే పిలిచినా రాలేరు. వ్యాధి తొలిదశలో ఉండి, తన గురించి తాను చెప్పగలిగి, చెప్పడానికి ఇష్టపడేవాళ్లు ఎవరైనా దొరికితే ఇంకా మంచిది.

2. ముందు వాళ్లనే విద్యార్థుల్ని చేయండి

ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఏమీ నేర్చుకోనివాళ్లు ఆన్‌లైన్ పాఠం చేయలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసపోర్ట్ అనే కార్యక్రమం సంరక్షకుల కోసమే ఉంది. అందులో ఐదు భాగాలు, 23 పాఠాలు. ఇంగ్లిష్ ఇబ్బంది లేనివాళ్లయితే ఆస్ట్రేలియాలోని టాస్మేనియా యూనివర్సిటీకి చెందిన వికింగ్ సెంటర్ 2013 నుంచి నడుపుతున్న ఉచిత కోర్సు కూడా చూడొచ్చు. ఏదో ఒకటి కొంతైనా పూర్తిచేసి రమ్మనండి. ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ ఫోన్ పక్కన పెట్టేశారు, ఏ మాట గుర్తుండిపోయింది, ఈ మూడూ రాసుకురమ్మని చెప్పండి.

3. విషయంలో తప్పులు దొర్లకుండా గీతలు గీయండి

క్లాసులో తప్పు చెబితే నలభైమంది వింటారు, వాట్సాప్‌లో వెళ్లిన తప్పు ఆగదు. కాబట్టి ఒక పూటంతా దీనికే కేటాయించండి. డిమెన్షియా ఒకే జబ్బు కాదని, అందులో 60 నుంచి 70 శాతం వరకు అల్జైమర్స్ అని, రక్తనాళాల సమస్య వల్ల వచ్చేది, మెదడు కణాల్లో ఒక ప్రొటీన్ పేరుకుపోయి వచ్చే లెవీ బాడీ రకం, మెదడు ముందుభాగంతో మొదలయ్యే రకం కూడా ఉంటాయని అందరూ ఒకే మాట మీద ఉండాలి. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపం ఉన్నా మతిమరుపు వస్తుంది, వాటికి చికిత్స ఉంది, కాబట్టి "వయసైపోయింది, ఇంతే" అని ఏ పాఠమూ చెప్పకూడదు. నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఒకట్రెండు రోజుల్లో పూర్తిగా తికమకపడిపోతే అది డిమెన్షియా ముదరడం అనుకుని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇలాంటివేవో కారణం కావచ్చు, వెంటనే డాక్టరుకి చూపించాలి. ఈ ఒక్క ముక్క ప్రతి పాఠంలో ఏదో ఒకచోట రావాలని నేనైతే పట్టుబడతాను. మందుల మోతాదులు మాత్రం ఏ పాఠంలోనూ వద్దు. మానసిక సమస్యలకి వాడే కొన్ని మందులు లెవీ బాడీ రకం ఉన్నవాళ్లకి ప్రమాదం తెచ్చిపెడతాయి, అందుకని ఆ నిర్ణయం డాక్టరుకే వదిలేయాలి.

పరిశోధన ఫలితాన్ని ఎంత జాగ్రత్తగా చెప్పాలో నేర్పడానికి మన హైదరాబాద్ ఉదాహరణే ఉంది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే రెండు భాషలవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. దీన్ని పాఠంలో ఒక్క వాక్యంగా రాయమనండి. సగంమంది "రెండు భాషలు వస్తే డిమెన్షియా రాదు" అని రాసే అవకాశం ఉంది. ఆ 648 మందీ జబ్బు వచ్చినవాళ్లే కదా! ఆలస్యం కావడానికీ అసలు రాకపోవడానికీ ఉన్న తేడా అక్కడే, వాళ్ల వాక్యం మీదే చూపించండి.

4. ఒక పాఠం, ఒక సందర్భం

అసలు శిక్షణంతా ఇక్కడే ఉంది, ఎక్కువ సమయం దీనికే పెట్టండి. టీచర్లు అలవాటు కొద్దీ నిర్వచనం, కారణాలు, లక్షణాలు, నివారణ అనే వరసలో మొదలుపెడతారు. పరీక్షకి అది సరిపోతుంది కానీ ఇంట్లోవాళ్లకి సాయంత్రం ఆరింటికి ఏం చేయాలో కావాలి. "సన్‌డౌనింగ్ అనగా సాయంకాల సమయమున రోగిలో కలుగు ఆందోళన" అని ఎవరైనా రాసుకొస్తే, పక్కనున్న సంరక్షకురాలిని అడగండి: "మీ ఇంట్లో ఇది ఎలా ఉంటుందమ్మా?" ఆమె చెప్పేది ఇలా ఉంటుంది. దీపాలు పెట్టే వేళకి అత్తయ్య రెండు చీరలు సంచిలో సర్దుకుని గుమ్మంలో నిలబడుతుంది. "ఇంటికి పోతా, మా అమ్మ ఎదురుచూస్తుంటుంది" అంటుంది. ఇదే మన ఇల్లు, మీ అమ్మ పోయి ముప్పై ఏళ్లయింది అని చెబితే, ఆ కబురు ఇప్పుడే విన్నట్టు ఏడుస్తుంది.

పాఠం ఆ గుమ్మం దగ్గర మొదలవ్వాలి. అక్కడినుంచి, వాదించొద్దు, "మీ ఇంట్లో పెరడు ఉండేదా అత్తయ్యా, ఏమేం చెట్లుండేవి?" అని అడుగుతూ నెమ్మదిగా పక్కన నడవండి, ఆకలేమో, బాత్రూమ్‌కి వెళ్లాలేమో, ఎక్కడైనా నొప్పేమో చూడండి, రేపటి నుంచి చీకటి పడకముందే లైట్లన్నీ వేసేయండి, ఇంతవరకు చెబితే ఒక పాఠం అయిపోయింది. సన్‌డౌనింగ్ అనే పేరు చివర్లో ఒకసారి వస్తే చాలు.

ప్రతి టీచరూ ఇలాంటి సందర్భం ఒక్కటే ఎంచుకోవాలి. అన్నం నోట్లో పెట్టుకుని మింగకపోవడం, డబ్బు దొంగిలించావని కోడలి మీద నింద వేయడం, అర్ధరాత్రి గేటు తీసుకుని వెళ్లిపోవడం, ఇవన్నీ విడివిడి పాఠాలు.

5. ప్రశ్నలు రాయడం నేర్పండి

చాలామంది దీన్ని చివర్లో హడావుడిగా కానిచ్చేస్తారు. స్నానం పాఠమే తీసుకోండి. నాన్నగారు "పొద్దున్నే చేశాను" అంటున్నారు, నిజానికి నాలుగు రోజులైంది. జవాబుల్లో "ఆయన్ని తిడతాను" అని పెడితే తిట్టేవాళ్లు కూడా అది నొక్కరు, కాబట్టి ఆ ప్రశ్న దండగ. మంచి మనుషులు నిజంగా చేసే పనులనే తప్పు జవాబులుగా పెట్టాలి: "నాలుగు రోజులైంది నాన్నా అని గుర్తుచేస్తాను", "ఇష్టం లేనప్పుడు ఎందుకులే అని వదిలేస్తాను". మూడోది: "కాసేపాగి, వేడినీళ్లు తోడిపెట్టి, టవల్ చేతికిచ్చి, నీళ్లు చల్లారిపోతాయి రండి నాన్నా అంటాను". ఏది నొక్కినా తప్పు, ఒప్పు అని ఊరుకోకుండా ఎందుకో రెండు ముక్కలు రావాలి: ఆయనకి చలేస్తుండొచ్చు, నెత్తిన నీళ్లు పడితే భయం కావచ్చు, కూతురి ముందు బట్టలు తీయడం సిగ్గు కావచ్చు, నేల జారుతుందన్న భయం ఉండొచ్చు. మూడో జవాబు కూడా ప్రతిసారీ పనిచేయదని, అప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడిచినా ఆ రోజుకి చాలని కూడా రాయాలి. లేకపోతే పాఠం చూసినావిడ లోపం తనలోనే ఉందనుకుంటుంది.

6. రాసింది చదివించి, తర్వాతే రికార్డు చేయించండి

స్క్రిప్టు గట్టిగా చదివిస్తే గ్రాంథికం దానంతటదే బయటపడుతుంది. వీడియో ఆరు నిమిషాలు దాటనివ్వకండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా ఆ నిడివి దాటితే జనం నిలవడం లేదని చూపింది. ఫోన్ కెమెరా, కిటికీ వెలుతురు, కాలర్‌కి పెట్టుకునే చిన్న మైకు చాలు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినిపించకపోతే చూడరు.

ఒక విషయంలో మాత్రం రాజీ పడొద్దు. జబ్బుతో ఉన్న మనిషిని స్నానం చేయిస్తూ, అన్నం తినిపిస్తూ, ఏడుస్తుండగా వీడియో తీయకూడదు. కొడుకు సరేనన్నంత మాత్రాన ఆమె ఒప్పుకున్నట్టు కాదు. టీచర్లే నటించాలి.

7. సాఫ్ట్‌వేర్ ఆఖరున

ఇది తొందరగా అయిపోతుంది. ఆన్‌లైన్ కోర్సు నడిపే మూడ్ల్, ప్రశ్నలతో కూడిన పాఠాలు చేసే హెచ్‌5పీ రెండూ ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాధనాలు. మీరు నొక్కిన జవాబును బట్టి కథ మారే పాఠాలు హెచ్‌5పీలో చేయొచ్చు. అయితే ఇంట్లోవాళ్లు లాగిన్ పెట్టుకుని లోపలికి వస్తారని ఆశ పెట్టుకోకండి, అదే పాఠానికి వాట్సాప్‌లో పంపగలిగే చిన్న వీడియో, చదవడం రానివాళ్లకి ఆడియో కూడా చేయించండి. తయారయ్యాక ఒక సంరక్షకురాలు తన ఫోన్‌లోనే పాఠం చూస్తుంటే, టీచర్ని పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా గమనించమనండి. టీచరు నోరు తెరిచి వివరించాల్సి వచ్చిన ప్రతిచోటా పాఠాన్ని సరిచేయాలి.

8. గ్రూపులో వచ్చే మెసేజ్‌లకి సిద్ధం చేయండి

పాఠాలు పంపే గ్రూపులో ఏదో ఒక రాత్రి 11 గంటలకి "ఇవాళ కోపం ఆపుకోలేక అమ్మని కొట్టాను" అని ఒక మెసేజ్ వస్తుంది. టీచరు ఏం రాయాలి? శిక్షణలోనే అందరి చేతా జవాబు రాయించండి. నీతులు చెప్పకూడదు, అలాగని పర్లేదులే అని తేల్చేయకూడదు. గ్రూపులో కాకుండా విడిగా పలకరించాలి, అమ్మకి దెబ్బలేమైనా తగిలాయా, ఈ రాత్రికి ఇంకెవరైనా తోడు రాగలరా అని అడగాలి, మర్నాడు ఫోన్ చేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 కూడా ఇవ్వొచ్చు కానీ అది పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకే, కాబట్టి ఆ రాత్రికి మొదటి నంబరే ఇవ్వాలి. తోటి కుటుంబాలని కలవాలనుకునేవాళ్లకి 1992లో కేరళలో మొదలైన ఏఆర్‌డీఎస్ఐ (అల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా) అనే సంస్థ గురించి చెప్పండి, దాని శాఖ హైదరాబాద్‌లోనూ ఉంది.

ఆరో వారం అయ్యాక ప్రతి పాఠం కింద తయారైన తేదీ, ఏడాదికోసారి దాన్ని తిరగచూసే మనిషి పేరు రాయించండి. హెల్ప్‌లైన్ నంబర్లు, సమయాలు మారుతుంటాయి. మందుల సంగతీ అంతే. 2023 జులైలో అమెరికాలో లెకానెమాబ్ అనే అల్జైమర్స్ మందుకి పూర్తి అనుమతి వచ్చాక "కొత్త మందు వచ్చిందట కదా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అది తొలిదశ అల్జైమర్స్‌కేనని, వేగాన్ని కొంత తగ్గిస్తుందే గానీ నయం చేయదని పాత పాఠంలో ఉండదు, ఎవరో ఒకరు కూర్చుని చేర్చాలి.