కరెంటు పోయినా మీటింగ్ తెగకుండా: వరంగల్ వైపు ఇంటి నుంచి పని చేసే డెవలపర్ల కోసం

డెవలపర్ పనిని చెడగొట్టేది రెండు గంటల కోత కాదు, రెండు సెకన్ల కోత. రెండు గంటలు కరెంటు లేకపోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద కోడ్ రాసుకుంటూ కూర్చోవచ్చు. రెండు సెకన్లు పోయి వస్తే మాత్రం రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. అది లేవడానికి రెండు మూడు నిమిషాలు, ఆపైన వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే రక్షిత దారి) లాగిన్, ఓటీపీ. ఈలోగా మీటింగ్‌లోంచి బయటపడతారు, సర్వర్ మీద నడుస్తున్న పని తెగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిన రోజు హనుమకొండలోనైనా, నర్సంపేటలోనైనా, పరకాలలోనైనా ఇలా గంటలో నాలుగైదు సార్లు కావచ్చు.

అందుకే డబ్బు పెట్టే వరుస ఇలా ఉండాలి: ముందు రౌటర్, తర్వాత రెండో నెట్, ఆ తర్వాతే పెద్ద ఇన్వర్టర్. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. హాల్లో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ ఉంటుంది, రౌటర్ మాత్రం ఇన్వర్టర్ లైన్ లేని ప్లగ్గులో ఉంటుంది. ఇవాళే మెయిన్ ఆఫ్ చేసి చూడండి.

రౌటర్‌కు చిన్న యూపీఎస్

కొనే ముందు రౌటర్ అడాప్టర్ తిప్పి చూసి, ఔట్‌పుట్ అని ఉన్న వరుస చదవండి. ఫైబర్ పెట్టెలకు ఎక్కువగా 12 వోల్టులు, 1 లేదా 1.5 ఆంపియర్లు ఉంటుంది. కొన్ని రౌటర్లకు 9, మరికొన్నింటికి 5 వోల్టులు. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి; 9 వోల్టుల రౌటర్‌కు 12 ఇస్తే కాలిపోవచ్చు. ఆంపియర్లు యూపీఎస్‌వి సమానంగానో ఎక్కువగానో ఉంటే చాలు. ఫైబర్ పెట్టె, వైఫై రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటి ఆంపియర్లు కలిపి చూసుకోండి.

పిన్ను దగ్గర కూడా జాగ్రత్త. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 పిన్నుకు 2.5 ప్లగ్గు పెడితే ఎక్కుతుంది కానీ వదులుగా ఉంటుంది. ఫ్యాన్ గాలికి వైరు కదిలినా రౌటర్ రీస్టార్ట్ అవుతుంది, మీరేమో నెట్ బాగాలేదనుకుంటారు. అడాప్టర్ మీద చిన్న వృత్తం గుర్తు ఉంటుంది. మధ్యలో ప్లస్ ఉందా మైనస్ ఉందా అన్నది యూపీఎస్‌తో కలవాలి.

ఎంతసేపు వస్తుంది? పెట్టె మీద 8000 ఎంఏహెచ్ అని రాస్తే అది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర లెక్క. అంటే దాదాపు 30 వాట్ అవర్లు. దాన్ని 12 వోల్టులకు పెంచడంలో కొంత పోయి 25 మిగులుతుంది. ఫైబర్ పెట్టె, రౌటర్ కలిసి 10 నుంచి 12 వాట్లు తాగుతాయి కాబట్టి రెండు గంటలు. బిగించాక కంప్యూటర్‌లో పింగ్ (నెట్ ఉందా అని చూసే చిన్న సందేశం) నడుస్తుండగా ప్లగ్గు పీకండి. ఒక్క పింగ్ కూడా తప్పిపోకూడదు. తప్పిందంటే ఆ యూపీఎస్ మారడానికి ఆలస్యం చేస్తోందని అర్థం, వెనక్కి ఇచ్చేయండి. యూపీఎస్‌ను రౌటర్ మీద పెట్టకండి, రెండింటి వేడి కలిసి సెల్ తొందరగా చస్తుంది.

పెట్టె మీది దీపాలు

ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ ఎర్రగా వెలిగితే ఇంటిదాకా వెలుగు రావడం లేదని అర్థం. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా రాదు. తీగ తెగింది, లేదా ఎక్కడో బాగా వంగింది. మన వైపు దీనికి పెద్ద కారణం కోతులు. డాబా మీదుగా వేలాడే తీగను పట్టుకుని ఊగుతాయి. కనెక్షన్ ఇచ్చే రోజే పక్కన నిలబడి తీగను సజ్జ కింది నుంచి పీవీసీ పైపులో గోడ వెంట దింపించండి. ఈ పైపు ఖర్చుకు ఎవరూ వెనకాడవద్దు. మిగులు తీగను చుట్టేటప్పుడు చుట్ట టీ గ్లాసు మూతికన్నా చిన్నగా ఉండొద్దు. అంతకన్నా వంచితే వెలుగు బయటికి జారిపోతుంది.

బ్రౌజర్‌లో తెరుచుకునే రౌటర్ సెట్టింగ్స్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. ఇంటికి చేరుతున్న వెలుగు ఎంత బలంగా ఉందో అది చెబుతుంది. మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం లోపు ఉంటే పని చేస్తుంది. మైనస్ 20 దగ్గర ఉంటే హాయి. నెట్ బాగున్న రోజే దీన్ని రాసి పెట్టుకోండి. "మొన్న మైనస్ 21 ఉండె అన్నా, ఇయ్యాల మైనస్ 28 చూపిస్తుంది" అని చెబితే లైన్ చూసే అతను నిచ్చెన తీసుకుని వస్తాడు. "నెట్ స్లో ఉంది" అంటే రీస్టార్ట్ చేయమంటాడు.

ఎల్ఓఎస్ వెలగకుండా, పీఓఎన్ (ఫైబర్ లైన్ కలిసిందని చూపే) దీపం నిలకడగా ఉన్నా నెట్ రాకపోతే తెగింది అవతలి వైపు. ఇక ప్రతిసారీ గల్లీలో కరెంటుతో పాటే నెట్ పోతుంటే, మధ్యలో ఎక్కడో స్తంభం మీదో దుకాణంలోనో బ్యాటరీ లేని స్విచ్ ఉందన్నమాట. ఇంట్లో ఎంత పెద్ద ఇన్వర్టర్ పెట్టినా దీనికి మందు లేదు. కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడే అడగాలి: ఇంటిదాకా ఫైబరేనా, లేక గల్లీ మూల నుంచి లాన్ కేబులా? ఇంటిదాకా ఫైబర్ వచ్చే పద్ధతిలో మధ్యలో ఉండే స్ప్లిటర్‌కు (ఒక ఫైబర్ వెలుగును చాలా ఇళ్లకు పంచే పెట్టెకు) కరెంటు అక్కర్లేదు.

రెండో నెట్

ఫోన్ హాట్‌స్పాట్ చాలు, కానీ బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే కంపెనీ సిమ్ కాకుండా వేరేది ఉండాలి. ఒకే ఫైబర్ తెగితే రెండూ పోయే అవకాశం ఉంది. వైఫై కన్నా యూఎస్‌బీ టెథరింగ్ మంచిది: నిలకడగా ఉంటుంది, ఫోన్ చార్జ్ కూడా అవుతుంది. కరెంటు పోయిన వేళ ఊరంతా మొబైల్ నెట్ మీదే ఉంటుంది కాబట్టి అప్‌లోడ్ పడిపోతుంది. కెమెరా ఆపేయండి. వీడియోతో గంట మీటింగ్‌కు సుమారు ఒక జీబీ పోతుంది, మాట ఒక్కటే అయితే అందులో చిన్న వంతు.

హాట్‌స్పాట్ మీద వీపీఎన్ కలుస్తుంది, పింగ్ పోతుంది, కానీ పేజీలు తెరుచుకోవు, గిట్ పుల్ మధ్యలో నిలిచిపోతుంది. ఇది చాలామందిని గంటలకొద్దీ తిప్పలు పెట్టే సంగతి. చాలాసార్లు కారణం ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజు: పెద్ద ప్యాకెట్లు దారిలో పడిపోతున్నాయి, చిన్నవి దాటుతున్నాయి. వీపీఎన్ కలిసి ఉండగా ఆఫీసు లోపలి సర్వర్‌కు, ముక్కలు చేయవద్దన్న గుర్తు పెట్టి 1372 సైజుతో పింగ్ కొట్టండి. దానికి 28 బైట్ల హెడర్ కలిసి 1400 అవుతుంది. జవాబు రాకపోతే 1272కు తగ్గించండి. ఏ సైజుకు జవాబు వస్తే దానికి 28 కలిపి వీపీఎన్ అడాప్టర్ ఎంటీయూగా పెట్టండి. ఆఫీసు లాప్‌టాప్‌లో ఆ అనుమతి లేకపోతే ఐటీ టీమ్‌కు ఈ అంకెతో సహా టికెట్ వేయండి.

ఇన్వర్టర్ లెక్క

లాప్‌టాప్ 60, మానిటర్ 25, మామూలు సీలింగ్ ఫ్యాన్ 75, ఎల్ఈడీ లైటు 10, నెట్ పెట్టెలు 12. మొత్తం 182 వాట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు, కాబట్టి పది గంటలు వస్తుందనిపిస్తుంది. రాదు. ఆ 150 అనేది ఇరవై గంటలపాటు మెల్లగా, 7.5 ఆంపియర్ల చొప్పున తీస్తేనే. ఇన్వర్టర్ నష్టం కలుపుకుంటే మన లోడు 18 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ వేగంలో బ్యాటరీ ఇచ్చేదే తక్కువ, పైగా అడుగు దాకా తోడితే ఆయుష్షు తగ్గుతుంది. ఐదు గంటలు అనుకుని ప్లాన్ చేసుకోండి. ఫ్యాన్ మార్చి 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటర్ ఉన్న రకం) పెడితే అదే బ్యాటరీ ఏడు గంటల దాకా వస్తుంది. ఫ్యాన్ బదులు 180 వాట్ల కూలర్ పెడితే మూడు గంటలకు పడిపోతుంది.

ఇన్వర్టర్ సైన్ వేవ్ (మెయిన్ కరెంటులాగే మెత్తటి అల ఇచ్చే) రకమే తీసుకోండి. స్క్వేర్ వేవ్ మీద ఫ్యాన్ గుంయ్‌మంటుంది, కొన్ని అడాప్టర్లు వేడెక్కుతాయి. వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. అందులో ఉంటే మార్పు వేగంగా జరిగి డెస్క్‌టాప్ ఆగదు, కానీ మెయిన్ వోల్టేజీ 180 కిందికి వస్తే చాలు, ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి పోతుంది. యాసంగిలో మోటర్లు నడిచే వేళ వోల్టేజీ జారే ఊళ్లలో దీనివల్ల కరెంటు ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. అలాంటి చోట లాప్‌టాప్ మాత్రమే వాడేవాళ్లు మామూలు మోడ్‌లో పెట్టుకోవాలి. డెస్క్‌టాప్ ఉంటే దానికి విడిగా 600 వీఏ యూపీఎస్ పెట్టుకోండి. పది పదిహేను నిమిషాలు ఆపుతుంది, సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి అది చాలు.

ఎండకాలంలో నెలకోసారి బ్యాటరీ మూతల మీది తేలే గుర్తులు చూడండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఫిల్టర్ నీళ్లలో కూడా లవణాలుంటాయి, బోరు నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి తలుపులు బిగించి పడుకునే గదిలో పెట్టవద్దు. లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జిల్లుమంటే ప్లగ్గుకు ఎర్తింగ్ లేదని అనుమానించి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కోత ముందే తెలిస్తే

లైన్ల మరమ్మతుకు ఆపే గంటలు పేపర్ జిల్లా పేజీలో సబ్‌స్టేషన్ పేరుతో చిన్న వార్తగా వస్తాయి. మీ ఇల్లు ఏ సబ్‌స్టేషన్, ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్) కింద ఉందో లైన్‌మన్‌ను అడిగి గోడ మీద రాసుకోండి, లేకపోతే ఆ వార్త పనికిరాదు. చెప్పకుండా పోతే 1912కు ఫోన్ చేసి, కరెంటు బిల్లు మీది సర్వీస్ నంబర్ ఇవ్వండి.

కోడ్ వైపు

గాలి లేచిందంటే ముందు చేయాల్సింది పుష్. పని సగంలో ఉన్నా మీ పేరుతో ఒక తాత్కాలిక బ్రాంచిలో కమిట్ చేసి పంపండి, తర్వాత స్క్వాష్ చేసుకోవచ్చు (అన్నీ ఒకే కమిట్‌గా కలపవచ్చు). సర్వర్ మీద నిమిషం దాటే ఏ పనైనా టీమక్స్ (సర్వర్ మీదే బతికి ఉండే టెర్మినల్) లోపలే నడపండి. నెట్ తెగినా అక్కడ పని ఆగదు, మళ్లీ లాగిన్ అయి అటాచ్ చేస్తే చాలు. డేటాబేస్ మైగ్రేషన్‌ను (టేబుళ్ల రూపం మార్చే పనిని) మాత్రం హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్ నుంచి ఎప్పుడూ నడపకండి. పోస్ట్‌గ్రెస్‌లో స్కీమా మార్పులు ట్రాన్సాక్షన్‌లో ఉంటే మొత్తం వెనక్కి పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి డీడీఎల్ (టేబుల్ రూపం మార్చే ఆదేశం) తనంతట తానే కమిట్ అవుతుంది, కాబట్టి మధ్యలో తెగితే టేబుళ్లు సగం పాతవి, సగం కొత్తవిగా మిగులుతాయి.

యూపీఎస్ లేని డెస్క్‌టాప్ కమిట్ చేస్తుండగా ఆగిపోతే, మళ్లీ తెరిచినప్పుడు గిట్ ఆబ్జెక్ట్ ఫైల్ ఖాళీగా ఉందని అంటుంది. ఫైల్ పేరు డిస్కుకు చేరింది, లోపలి డేటా ఇంకా మెమరీలోనే ఉండిపోయింది. కంగారుపడి ఫోల్డర్ తీసేసి మళ్లీ క్లోన్ చేయకండి. పుష్ చేయని కమిట్లు పోతాయి. మొదట ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తం ఇంకోచోటికి కాపీ చేయండి. తర్వాత డాట్ గిట్ లోపల ఆబ్జెక్ట్స్ ఫోల్డర్‌లో సున్నా సైజు ఫైళ్లు వెతికి తీసేయండి. గిట్ ఫెచ్ కొట్టండి, సర్వర్‌లో ఉన్నవి తిరిగి రావచ్చు. గిట్ ఎఫ్ఎస్‌సీకే (ఆబ్జెక్టులను సరిచూసే ఆదేశం) నడిపితే ఇంకా ఏవి దొరకడం లేదో చెబుతుంది. బ్రాంచి చివరి కమిట్టే పోయి ఉంటే డాట్ గిట్‌లోని లాగ్స్ ఫోల్డర్‌లో హెడ్ అనే ఫైల్ తెరిచి, చివరి నుంచి రెండో వరుసలో రెండోదిగా ఉన్న కమిట్‌కు బ్రాంచిని తిప్పండి. హార్డ్ రీసెట్ చేయకపోతే మీరు రాసిన ఫైళ్లు పని ఫోల్డర్‌లో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. వాటిని మళ్లీ కమిట్ చేసి వెంటనే పుష్ చేయండి.