జీడిపప్పుతో ఇబ్బందా? లక్షణం చూసి కారణం పట్టండి

వంద గ్రాముల జీడిపప్పులో దాదాపు 44 గ్రాముల కొవ్వు, 30 గ్రాముల పిండిపదార్థాలు, 18 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. డబ్బాలోనూ పొయ్యి మీదా వచ్చే చిక్కులు చాలావరకు ఆ నూనె వల్లో, ఆ పిండి వల్లో, బయటి తేమ వల్లో వస్తాయి. ఒంట్లో వచ్చేవి అంతకంటే ముఖ్యం కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

తిన్న కాసేపటికే నోట్లో దురద, పెదవుల వాపు, దద్దుర్లు

ఇవి ఎలర్జీ లక్షణాలు. జీడిపప్పులోని కొన్ని ప్రొటీన్లు కొందరికి పడవు. వేయించినా, ఉడికించినా ఆ గుణం పోదు. ఇన్నాళ్లూ తిన్నాం, ఏమీ కాలేదన్న ధీమా కూడా పనికిరాదు, ఎలర్జీ ఏ వయసులోనైనా మొదలుకావచ్చు.

వెంటనే తినడం ఆపండి. ఊపిరి అందకపోయినా, గొంతు బిగుసుకున్నా, కళ్లు తిరిగినా, వాంతులు ఆగకపోయినా అత్యవసర వైద్యం కావాలి. అప్పుడు ప్రాణం కాపాడేది ఎడ్రినలిన్ ఇంజెక్షన్. మాత్ర వేసి చూద్దామని ఆగకండి. తగ్గాక కూడా "ఒక్క పలుకు తిని చూద్దాం" అనే ప్రయోగం ఇంట్లో చేయొద్దు, డాక్టర్ దగ్గర పరీక్ష చేయించుకోండి. జీడి, పిస్తా ఒకే కుటుంబం చెట్లు. ఒకటి పడనివాళ్లకు రెండోది కూడా పడకపోయే అవకాశం బాగా ఎక్కువ. తెల్లగా, చిక్కగా ఉండే గ్రేవీల్లో, మిఠాయిల్లో, పాలు లేని చీజ్‌లో జీడిపప్పు కనిపించకుండా కలిసిపోయి ఉంటుంది. అడిగి తెలుసుకున్నాకే తినండి.

గింజ కొట్టిన చేతులకు బొబ్బలు

పెంకులో ఉండే జీడి నూనె వల్ల ఇలా అవుతుంది. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని కాలుస్తాయి. సబ్బుతో బాగా కడగండి, బొబ్బలు ఎక్కువైతే వైద్యుణ్ని కలవండి. పెంకుతో ఉన్న గింజల్ని ఇంట్లో కాల్చొద్దు, ఆ పొగ కూడా కళ్లకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ప్యాకెట్లో "పచ్చి" అని అమ్మే పప్పు మామూలుగా ఆవిరి పట్టో, కాల్చో పెంకు తీసినదే.

కడుపు బరువు, పెరుగుతున్న బరువు

గుప్పెడు, అంటే దాదాపు 30 గ్రాముల పప్పులో సుమారు 165 కేలరీలు ఉంటాయి. మెగ్నీషియం, రాగి, జింక్ దండిగా ఉన్న మంచి తిండే, డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటేనే చిక్కు. గిన్నెలోకి కొద్దిగా తీసుకుని డబ్బా మూసేయండి. ఆక్సలేట్ రకం కిడ్నీ రాళ్లు ఉన్నవాళ్లు ఎంత తినొచ్చో డాక్టర్ని అడగాలి. ఐదేళ్లలోపు పిల్లలకు పలుకులుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డుపడతాయి. పొడిగానో, పేస్టుగానో ఇవ్వండి.

చేదు, పాత నూనె వాసన

గాలి, వెలుతురు, వేడి తగిలి పప్పులోని కొవ్వు పాడైంది. దీన్ని బాగుచేసే మార్గం లేదు. వేయించి మసాలా దట్టిస్తే వాసన కాసేపు దాగుతుందేమో గానీ పప్పు మంచిదైపోదు, పారేయండి. బూజు కనిపిస్తే బాగున్నవి ఏరుకోవడం కూడా వద్దు. కొన్ని బూజులు తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం వంటతో పోదు. ఈసారి కొన్నప్పుడు గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఏ వాసనా లేకుండా ఊరికే మెత్తబడితే అది తేమ మాత్రమే. సన్నని సెగ మీద కాసేపు వేడిచేసి పూర్తిగా చల్లారనివ్వండి, కరకరలాడతాయి.

బయట నల్లబడి లోపల పచ్చిగా

సెగ ఎక్కువైంది. సన్నని మంట మీద కలుపుతూ వేయించి, లేత రంగు రాగానే వేరే పళ్లెంలోకి తీసేయండి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా రంగెక్కుతాయి.

పేస్టు రవ్వరవ్వగా, గ్రేవీ ముద్దలా

పేస్టు నునుపు రాలేదంటే పప్పు నానలేదన్నమాట. బాగా వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, మొదట కొద్ది నీళ్లతోనే రుబ్బండి. ఒకేసారి నీళ్లు గుమ్మరిస్తే పలుకులు బ్లేడుకి చిక్కకుండా తేలిపోతాయి. గ్రేవీ ముద్ద కావడానికి కారణం పప్పులోని పిండి, ఉడికేకొద్దీ అది చిక్కబడుతుంది, అడుగంటుతుంది. పేస్టు వేశాక మంట తగ్గించి, కలుపుతూ, వేడి నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కొంచెం పలచగా ఉన్నప్పుడే దించండి.

పొడి చేయబోతే ఉండ కట్టిందంటే మిక్సీ ఆపకుండా తిప్పినందుకు వేడెక్కి నూనె వదిలింది. పప్పు చల్లగా, పొడిగా ఉండగా ఆపి ఆపి తిప్పి, జల్లించి, మిగిలిన రవ్వనే మళ్లీ వేయండి.