దర్బుకపై మక్సూమ్ దరువు వాయించడం ఎలా?

అరబ్బు పాటల్లో వందల రకాల దరువులున్నాయని భయపెడతారు గానీ, ఈజిప్టు పెళ్లి పాట నుంచి కంప్యూటర్లో కూర్చిన నేటి పాట దాకా ఎక్కువగా వినిపించేవి నాలుగైదే. ముందు పట్టుకోవాల్సింది మక్సూమ్. ఎనిమిది అక్షరాల ఆవర్తనం, అందులో ఐదే దెబ్బలు. ఆదితాళం అలవాటైన చెవికి లెక్క కొత్తేమీ కాదు, ఖాళీలు పడే చోట్లే కొత్త.

ఏ దర్బుక కొనాలి

దర్బుక అంటే నోరు వెడల్పుగా, నడుము సన్నగా ఉండే అరబ్బుల చేతి డోలు. దాన్ని ఈజిప్టులో తబ్లా అంటారు. మన తబలా పేరు కూడా అరబ్బీ 'తబ్ల్' నుంచి వచ్చిందే, అందుకని నెట్‌లో తబ్లా అని వెతికితే మన తబలాలే వస్తాయి. దర్బుక అని గానీ దుంబెక్ అని గానీ వెతకండి.

నేర్చుకోవడానికి పోత అల్యూమినియం ఒళ్లు, ప్లాస్టిక్ హెడ్ (దెబ్బ కొట్టే మూత) ఉన్నది చాలు. హెడ్ అడ్డకొలత సుమారు 22 సెం.మీ., ఎత్తు 43 నుంచి 45 సెం.మీ. ఉండాలి. అలంకారానికి అమ్మే చిన్నవాటిలో దుమ్ అనే లోతైన దెబ్బ పలకదు, డబ్బు దండగ. అంచు గుండ్రంగా ఉన్న ఈజిప్టు రకమే తీసుకోండి. టర్కీ రకానికి అంచు పదును, బోల్టులు పైకే కనిపిస్తాయి. కొత్తవాళ్ల వేళ్లు వారం తిరక్కుండానే వాస్తాయి.

మట్టి దర్బుకకు చేప తోలో మేక తోలో మూస్తారు. నాదం అద్భుతం, కానీ తేమ తగిలితే తోలు సడలిపోతుంది. ఈజిప్టు వాద్యకారులు లోపల బల్బు వెలిగించి ఆ వేడితో బిగి తెచ్చుకుంటారు. కోస్తా వానాకాలంలో ఆ పాట్లు పడలేం అనుకుంటే ప్లాస్టిక్కే నయం.

బిగి సరిచేయడం

బోల్టులన్నీ ముందు చేత్తో తగిలేదాకా తిప్పండి. తర్వాత ఆలెన్ కీతో ఒక బోల్టు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న బోల్టు, ఇలా జతలుగా ఒక్కోదాన్ని పావు చుట్టు చొప్పున బిగించండి. వరసగా చుట్టూ తిప్పుకుంటూ పోతే హెడ్ ఒక పక్కకు లాక్కుపోయి, ఎంత బిగించినా జుయ్‌మంటూనే ఉంటుంది. ప్రతి బోల్టు దగ్గరా అంచున వేలితో కొట్టి వినండి, అన్ని చోట్లా ఒకే స్థాయి రావాలి. మరీ బిగిస్తే దుమ్ పొట్టిగా తెగిపోతుంది, మరీ వదిలితే టెక్ అనే అంచు దెబ్బ ప్లాస్టిక్ డబ్బా మోతలా ఉంటుంది.

పట్టు, మూడు దెబ్బలు

కుర్చీలో కూర్చుని దర్బుకను ఎడమ తొడ మీద అడ్డంగా, హెడ్ మోకాలి వైపు ఉండేలా పెట్టుకోండి. ఎడమ ముంజేయి దర్బుక ఒంటి మీద ఆని, ఎడమ వేళ్లు పై అంచు మీదికి వాలాలి. ఉంగరాలుంటే తీసేయండి.

దుమ్: కుడిచేతి వేళ్లు నాలుగూ కలిపి, అంచుకూ నడిమికీ మధ్య కొట్టి వెంటనే లేపాలి. కాగిన పెనం తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నట్టు. చెయ్యి అక్కడే ఆగితే నాదం చచ్చిపోతుంది.

టెక్: కుడిచేతి ఉంగరపు వేలు సరిగ్గా అంచు మీద పడాలి. మోచెయ్యి కదలకూడదు, తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిరగాలి. మృదంగం, డోలు వాయించేవాళ్లు ఇక్కడ బలం పెట్టేస్తారు. ఈ వాద్యానికి బలం అక్కర్లేదు, దెబ్బ అంచు మీద పడితే మోత దానంతటదే వస్తుంది.

క: టెక్ లాంటిదే, ఎడమ ఉంగరపు వేలితో, మెత్తగా.

నోటితో ముందు

'త క ధి మి త క ఝ ణు' అని సమంగా అంటూ వీటిని దాని కింద పెట్టుకోండి.

త | క | ధి | మి | త | క | ఝ | ణు
దుమ్ | టెక్ | – | టెక్ | దుమ్ | – | టెక్ | –

మెట్రోనోమ్ (సమంగా టిక్కులు కొట్టే యాప్ గానీ యంత్రం గానీ) నిమిషానికి 60 మీద పెట్టి, ఒక్కో టిక్కుకు రెండు అక్షరాలు వేయండి. ఐదు నిమిషాలు నోటితోనే అనండి, తర్వాతే వాద్యం ముట్టుకోండి.

అందరూ జారిపడే చోటు మూడో అక్షరం. దుమ్, టెక్ వెంటవెంటనే పడ్డాక చెయ్యి ఖాళీగా ఉండలేదు. 'మి' మీద పడాల్సిన టెక్ తొందరపడి 'ధి' మీదికి వచ్చేస్తుంది. మందు పాదమే: 1, 3, 5, 7 అక్షరాలకు మడమ నేలకు తాటించండి. 'ధి' దగ్గర పాదం కిందికి, చెయ్యి పైకి. పాదం మళ్లీ లేచేటప్పుడు టెక్ పడుతుంది. అలా ఇరవై ఆవర్తనాలు తప్పు లేకుండా నడిచాకే 80కి, అక్కడ కుదిరాక 100కి వెళ్లండి.

ఒక్క దెబ్బ మారిస్తే

రెండో అక్షరంలోని టెక్ తీసి దుమ్ పెట్టండి: దుమ్ దుమ్ – టెక్ దుమ్ – టెక్ –. ఇది బలదీ, అంటే 'మన ఊరిది'. దాన్ని వదిలి నాలుగో అక్షరంలో మార్చండి: దుమ్ టెక్ – దుమ్ దుమ్ – టెక్ –. ఇది సయీదీ. దక్షిణ ఈజిప్టులోని సయీద్ ప్రాంతపు దరువు, కర్ర పట్టుకుని ఆడే నాట్యానికి వాయిస్తారు. మూడింటికీ అస్థిపంజరం ఒకటే. దుమ్ ఎక్కడ పడితే నర్తకుల అడుగు అక్కడ బరువెక్కుతుంది. అందుకే మొదటి నెలలోనే వేళ్లతో రోల్స్ (ఆగకుండా వేగంగా వేసే వరస దెబ్బలు) సాధన చేయడం నాకు దండగనిపిస్తుంది. దుమ్ చోటు తప్పితే ఎన్ని రోల్స్ వేసినా దరువు పేరు మారిపోతుంది.

మక్సూమ్ ఖాళీల్లో 'క' నింపితే: దుమ్ టెక్ క టెక్ దుమ్ క టెక్ క. 'క' చెవికి ఆనీ ఆననట్టు ఉండాలి. అది టెక్ అంత గట్టిగా వినిపిస్తే దరువు కాస్తా గడగడలాడే యంత్రమవుతుంది.

ఇక మల్ఫూఫ్. ఇది 3+3+2: దుమ్ – – టెక్ – – టెక్ –. వేగంగా నడుస్తుంది, నర్తకి వేదిక మీదికి వచ్చేటప్పుడు, దిగేటప్పుడు తరచూ వినిపిస్తుంది. మల్ఫూఫ్ అంటే చుట్టినది. సిరియా, లెబనాన్‌లలో క్యాబేజీకీ అదే పేరు.

ఫోన్‌లో కూర్చడం

కైరో పేట కుర్రాళ్లు ఇంటి కంప్యూటర్లలో మహ్రగానాత్ అనే పాటలు పుట్టించారు. 2020 ఫిబ్రవరిలో ఈజిప్టు సంగీతకారుల సంఘం వాటిపై నిషేధం ప్రకటించినా వినడం ఆగలేదు. ఆ పద్ధతి మీరూ ప్రయత్నించవచ్చు. డ్రమ్ యాప్‌లో 16 గళ్ల వరస తెరిచి దుమ్‌ను 1, 9 గళ్లలో, టెక్‌ను 3, 7, 13లో పెట్టండి, మక్సూమ్ వచ్చేస్తుంది. మల్ఫూఫ్ వేగమైనది గనక అదే వరసలో రెండు ఆవర్తనాలు పడతాయి: దుమ్ 1, 9, టెక్ 4, 7, 12, 15. 'క' కూడా పెడితే ఆ గళ్లలో శబ్దం మూడో వంతుకు తగ్గించండి. అన్నీ ఒకే గట్టిదనంలో ఉంచితే పాట ఇనప రేకు మీద కొట్టినట్టుంటుంది.

తర్వాత సిరియా గాయకుడు ఒమర్ సులేమాన్ పాటలు పెట్టుకుని, కీబోర్డు హోరులో దుమ్ ఎక్కడ పడుతుందో వేలితో లెక్కపెట్టండి. 2013లో అమ్మాన్‌లో మొదలైన 47సోల్ బృందం తమ బాణీని 'షామ్‌స్టెప్' అంటుంది. అందులో పాలస్తీనా, జోర్డాన్ల దబ్కె అనే గుంపు నాట్యపు అడుగు ఎలక్ట్రానిక్ బాస్‌తో నడుస్తుంది.

హైదరాబాద్‌వాళ్లకు ఒక మాట. బార్కస్ పెళ్లిళ్లలో మోగే మర్ఫాకు మూలం యెమెన్‌లోని హద్రమౌత్. అయితే అది ఎక్కువగా కర్రలతో వాయించేది. ఆ చేతివాటం దర్బుక మీద పెడితే టెక్‌లన్నీ మొద్దుబారతాయి.

వారానికోసారి ఒక నిమిషం మక్సూమ్ ఫోన్‌లో రికార్డు చేసి, పక్క గదిలోంచి వినండి. దూరానికి టెక్ సన్నబడి దుమ్‌లే మిగులుతాయి. ఐదో అక్షరం దుమ్ అక్కడికి చేరకపోతే మీ చెయ్యి హెడ్ మీదే ఆగిపోతోందన్నమాట. మళ్లీ 60కి దిగండి.